ఆగాల్సింది ఎవరు? వాడ ముందు రోడ్డు, ఆఫీసుల చుట్టూ అర్జీ

పొద్దున ఎనిమిదిన్నరకు అనంతపురం జిల్లాలో పెద్ద రోడ్డు పక్కనున్న ఏ ఎస్సీ కాలనీ దగ్గరైనా ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. సద్ది కట్టుకుని కూలికి పోయే ఆడవాళ్లు, బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, పింఛను కోసమో మందుల కోసమో బయల్దేరిన ముసలివాళ్లు రోడ్డు అంచున ఆగి ఉంటారు. అందరూ చేసే పని ఒకటే. కుడివైపు చూస్తారు, ఒక కాలు ముందుకు పెడతారు, మళ్లీ వెనక్కి తీసుకుంటారు. పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్న ఒక అవ్వ "ఆ లారీ పోనీ, ఆ కారు కూడా పోనీ" అంటుంది. సందు దొరకగానే ఉరుకుతారు. సగం దాటాక డివైడర్ మీద నిలబడి, ఈసారి ఎడమవైపు చూస్తూ మళ్లీ అదే పని.

ఇలాంటి చోట జనం అడిగేది చాలా చిన్న కోరిక. ఇక్కడ ఒక బోర్డు పెట్టండి, బండ్లు మెల్లగా పోయేలా ఏదో ఒకటి చేయండి, ఒక లైటు వేయండి. భూమి అడగడం లేదు, ఉద్యోగం అడగడం లేదు. అయినా ఆ అర్జీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుంది? అవునని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? కాదన్నప్పుడు ఏ లెక్క చూపించి కాదంటారు? ఆ లెక్కలోకి కులం ఏ దారిన వచ్చి చేరుతుంది? ఈ వ్యాసం వాటి గురించే.

ముందు ఒక అంకె. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లు. చనిపోయినవాళ్ల వయసు, ఆడా మగా, ఏ బండి మీద ఉన్నారు, ఏ రకం రోడ్డు అన్న లెక్కలు ఆ నివేదికలో దొరుకుతాయి. కులం లెక్క మాత్రం లేదు. కాబట్టి రోడ్డు మీద దళితులు ఎంతమంది పోతున్నారో ప్రభుత్వ అంకెలతో చెప్పలేం. ఎక్కడ నిలబడి దాటుతున్నారో మాత్రం చూసి చెప్పగలం.

వాడ ఎక్కడుందో చెప్పడానికి మన దగ్గర మ్యాపు అక్కర్లేదు. బడి, రేషన్ షాపు, సచివాలయం, బస్టాపు ఊరివైపు ఉంటాయి. కాలనీ ఇటువైపు. పట్టా ఇచ్చిన భూమి, శ్మశానం ఇంకోవైపు. ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు చౌకగా దొరికే పోరంబోకు, ఊరికి దూరంగా, రోడ్డు పక్కనే చూపించడం అలవాటు. పాత రోడ్డు ఒంటి వరుస ఉన్నప్పుడు ఇది పెద్ద ప్రమాదంగా కనబడలేదు. గతుకుల్లో బస్సే మెల్లగా వచ్చేది. అదే రోడ్డు నాలుగు వరుసలై, పాత 7వ నంబరు జాతీయ రహదారి కాస్తా 44 అయ్యి, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పోయే బండ్లు గుత్తి, గార్లదిన్నె, రాప్తాడు, పెనుకొండల మీదుగా ఆగకుండా దూసుకుపోవడం మొదలయ్యాక, ఊరికీ వాడకీ మధ్య ఎప్పటినుంచో ఉన్న ఎడం మీదికి తారు వచ్చి పడింది. కిందటి తరం ఆ ఎడాన్ని నడిచి దాటింది. ఈ తరం దాన్ని ఉరికి దాటుతోంది.

కరువు ఈ దాటడాన్ని ఇంకా పెంచింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. శెనక్కాయ పోయిన ఏడాది ఊళ్లో కూలి దొరకదు, పక్క మండలానికి పోవాలి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పనులు లేని రోజుల్లో తోటలున్న చోటికి ఆటోల్లో పోవడమే దారి. 2024 నవంబర్ 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్న ప్రమాదంలో పుట్లూరు మండలం ఎల్లుట్ల వ్యవసాయ కూలీల ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదానికి బోర్డు లేకపోవడమే కారణమని నేను అనడం లేదు. కూలి కోసం రోజూ ఎన్ని రోడ్లు ఎక్కాలో, ఎన్ని రోడ్లు దాటాలో చెప్పడానికి దాన్ని గుర్తుచేస్తున్నాను.

రాయి రంగు చూడండి

అర్జీ రాయడానికి ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: ఆ రోడ్డు ఎవరిది? మన కళ్లకు అన్నీ తారు రోడ్లే. ప్రభుత్వం దృష్టిలో మాత్రం అవి నలుగురు యజమానుల ఆస్తులు. తేలికైన గుర్తు రోడ్డు పక్కన ఉండే కిలోమీటరు రాయి. దాని నెత్తి పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు. నారింజ రంగు ఉంటే గ్రామ సడక్ కింద వేసిన పల్లె రోడ్డు.

పసుపు రాయి ఉన్నచోట, అంటే 44 లాంటి రహదారి మీద, మాట చెల్లేది జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు. కొన్ని జాతీయ రహదారులను రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖలోని జాతీయ రహదారుల విభాగం చూస్తుంది. రాష్ట్ర రహదారులు, పెద్ద జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీవి. ఊరి నుంచి ఊరికి పోయే చిన్న రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. ఊళ్లోపలి వీధులు మాత్రమే గ్రామ పంచాయతీవి.

ఇక్కడే చాలామంది విద్యార్థులు తికమకపడతారు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు 13వ అంశంగా ఉన్నాయి కదా, మరి సర్పంచ్ ఎందుకు బోర్డు పెట్టలేడు అని అడుగుతారు. ఆ షెడ్యూల్ పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితా మాత్రమే. అప్పగించాలా వద్దా, ఎంతవరకు అన్నది రాష్ట్ర చట్టం చేతిలో ఉంటుంది. పైగా జాతీయ రహదారి కేంద్రం జాబితాలోది. సర్పంచ్ మనవాడే అయినా, రిజర్వేషన్‌లో గెలిచిన మన ఆడబిడ్డే అయినా, తన ఊరిని రెండుగా కోసిన రోడ్డు మీద ఒక డ్రమ్ము పెట్టే అధికారం కూడా ఆమెకు లేదు. ప్రమాదం జరిగితే జనం ముందుగా పోయేది మాత్రం ఆమె ఇంటికే.

పట్టణాల్లో కథ కొంచెం వేరు. అక్కడ కార్పొరేషన్ ఇంజినీరు, ట్రాఫిక్ పోలీసు కలిసి తేలుస్తారు. వార్డు కార్పొరేటర్ గట్టిగా పట్టుకుంటే పని కావచ్చు.

సోమవారం వరుస

అనంతపురం కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజు. ఆ వేదిక పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు మీకోసం, 2019 నుంచి స్పందన, 2023లో జగనన్నకు చెబుదాం, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక. జనం మాత్రం ఇప్పటికీ "గ్రీవెన్సుకు పోతున్నాం" అనే అంటారు. అదే సరైన పేరనిపిస్తుంది, పేర్లు ఎన్ని మారినా పోయే పని మారలేదు కాబట్టి.

అర్జీ ఇవ్వగానే దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి ఏదో ఒక శాఖకు పంపుతారు. అర్జీ సగం చచ్చేది అక్కడే. అర్జీదారు పల్లె నుంచి వచ్చాడు, రోడ్డు గురించి రాశాడు, కాబట్టి పంచాయతీరాజ్ అని నొక్కితే చాలు, అది ఆ శాఖ అసిస్టెంట్ ఇంజినీరు దగ్గరికి పోతుంది. ఆయన "ఈ రోడ్డు మా పరిధిలోకి రాదు" అని రాస్తాడు. ఆయన రాసింది నిజమే. కానీ ఆ ఒక్క వాక్యంతో అర్జీ పరిష్కారమైనట్టు లెక్కలో చేరిపోయే ప్రమాదం ఉంది. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మెసేజ్ చదివిన మనిషి రోడ్డు దగ్గరికి పోయి చూస్తే ఏమీ మారి ఉండదు. అందుకే అర్జీ మొదటి వరుసలోనే రోడ్డు నంబరు, కిలోమీటరు రాయి నంబరు, ఏ శాఖకు పంపాలో మనమే రాయాలి. "మా ఊరి దగ్గర మెయిన్ రోడ్డు" అని రాస్తే అది అందరి రోడ్డూ అవుతుంది, ఎవరి రోడ్డూ కాకుండా పోతుంది.

ఎర్ర బోర్డు ఎవరికోసం

ఇక అసలు విషయం. రోడ్డు మీద బోర్డు పెట్టే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ నుంచి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో పెట్టాలి. 2019 సవరణ తర్వాత జాతీయ రహదారుల సంస్థ పాత్రను కూడా ఆ సెక్షన్‌లో చేర్చారు. బోర్డు ఏ ఆకారంలో ఉండాలి, ఎక్కడ పాతాలి అన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 67వ నంబరు కోడ్ చెబుతుంది. ఇంజినీర్లకు ఆ కోడ్‌లే శాస్త్రం.

ఆ శాస్త్రంలో ఎనిమిది భుజాల ఎర్ర బోర్డు ఒకటి ఉంది: ఆగమని చెప్పే బోర్డు. అది దాటడం చట్టప్రకారం తప్పు, సలహా బోర్డు కాదు. మనవాళ్లు అడిగేది ఆ బోర్డే అనుకుందాం. దాన్ని ఎక్కడ పెడతారో తెలుసా? చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలిసేచోట, చిన్న రోడ్డు మీద. అంటే హైవే మీద వచ్చే లారీ ఆగదు. కాలనీ నుంచి వచ్చే బైకు, ఎద్దులబండి, ఆటో ఆగాలి. పుస్తకం ప్రకారం అదే సరి. పెద్ద రోడ్డుకు ముందు హక్కు, చిన్న రోడ్డు ఆగి చూసి ఎక్కాలి.

ఇంజినీరింగ్ లెక్కలో ఇందులో తప్పు పట్టడానికి లేదు. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిని ఉన్నట్టుండి ఆపమనడం ఇంకో ప్రమాదాన్ని పిలవడమే. కానీ ఆ చిన్న రోడ్డు చివర ఉన్నది ఎవరో పుస్తకం అడగదు. ఎప్పుడూ ఆగి, పక్కకు తప్పుకుని, పెద్దవాళ్లు పోయాక పోవడం నేర్పించిన మనుషులకే మళ్లీ ఆగమని బోర్డు పెడుతున్నామన్న సంగతి ఏ కోడ్‌లోనూ రాసి ఉండదు.

మరి స్పీడ్ బ్రేకర్? జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని, ఉన్నవాటిని తీసేయాలని కేంద్ర శాఖ 2016లో ఆదేశించింది. కాబట్టి పసుపు రాయి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కావాలని రాసిన అర్జీకి కాదనే జవాబు ముందే తయారుగా ఉంటుంది. అక్కడ అడగదగినవి వేరే ఉన్నాయి: వేగం తగ్గించే గరుకు పట్టీలు, వేగ పరిమితి బోర్డు, ముందు ఊరుందని చెప్పే హెచ్చరిక, మెరిసే పసుపు లైటు, పొడవాటి దీపస్తంభం, పాదచారుల వంతెన, అన్నిటికన్నా మేలైంది అండర్‌పాస్. మిగతా చిన్న రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్‌కు కోడ్‌లోనే కొలతలున్నాయి. 99వ నంబరు కోడ్ 1988 సంచిక ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేలా వంపు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. మన ఊళ్లలో రాత్రికి రాత్రి మట్టీ రాళ్లూ పోసి వేసే గుట్టలు ఈ కొలతల్లో ఉండవు. వాటి మీద పడి నడుము విరగ్గొట్టుకునేదీ ఎక్కువగా బైకు మీద పోయే మనవాళ్లే.

లెక్కలో పట్టని మనుషులు

పాదచారుల క్రాసింగ్ అడిగినప్పుడు ఇంజినీర్లు తీసే సూత్రం ఒకటి ఉంది. 103వ నంబరు కోడ్ 1988 సంచికలో కనిపిస్తుంది. రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను, అదే గంటలో పోయే బండ్ల సంఖ్యతో రెండుసార్లు గుణించాలి. మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే వచ్చిన అంకె 10 కోట్లు దాటాలి. డివైడర్ ఉన్న రోడ్డయితే 20 కోట్లు.

ఇది మన కాలనీకి వేసి చూద్దాం. వంద మంది దాటి, వెయ్యి బండ్లు పోతే 100 × 1000 × 1000, సరిగ్గా 10 కోట్లు. సరే. ఇప్పుడు కాలనీ చిన్నది, రద్దీ గంటలో దాటేవాళ్లు 25 మందే అనుకోండి. 10 కోట్లు రావాలంటే గంటకు 2000 బండ్లు పోవాలి. అంటే రెండు సెకన్లు తిరగకముందే ఒక బండి. ఆ రద్దీలో మనిషి దాటనే లేడు, దాటని మనిషి లెక్కలోకి రాడు. అదే రోడ్డు మీద గంటకు 400 బండ్లే పోతుంటే, 625 మంది ఒకే గంటలో దాటాలి. పాతిక గడపల మాదిగవాడ ఆ అంకెను ఏ జన్మకూ అందుకోలేదు. పట్టణం కూడలి కోసం తయారైన కొలబద్దతో పల్లెను కొలిస్తే పల్లె ఎప్పుడూ పొట్టిగానే తేలుతుంది.

అయితే ఆ కోడ్‌లో ఈ సూత్రం ఒక్కటే లేదు, ఇంకో మూడు దార్లున్నాయి. వచ్చే బండ్ల వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటినా, దాటేవాళ్లు మరీ ఎక్కువసేపు వేచి ఉండాల్సి వచ్చినా, ఒక ఏడాదిలో బండ్లు తగిలి ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది పాదచారులు గాయపడినా క్రాసింగ్‌ను పరిశీలించవచ్చు. మొదటి లెక్క చూపించి కాదన్నప్పుడు, రెండోదీ మూడోదీ మనమే చదివి వినిపించాలి. హైవే మీద 65 దాటని బండి ఏది?

ఈ ఐదు అన్న అంకె మన దగ్గరే కాదు. అమెరికాలో కాలనీవాసులు కూడలిలో అన్నివైపులా ఆగే బోర్డు అడిగితే అక్కడి నగరపాలక ఇంజినీరు కూడా ఇలాగే కొలిచి చూస్తాడు. 2009 నాటి వాళ్ల జాతీయ మాన్యువల్‌లో, ఆ బోర్డుతో తప్పేవి అనదగిన ప్రమాదాలు 12 నెలల్లో ఐదు నమోదైతే అదొక అర్హత. డల్లాస్ శివారులో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబమైనా ఆ లెక్క దాటాల్సిందే. తేడా ఎక్కడంటే, అక్కడ చిన్న గుద్దుకు కూడా పోలీసు కాగితం, ఇన్సూరెన్సు కాగితం పుడతాయి. మన దగ్గర ప్రాణం పోతే తప్ప కాగితం పుట్టడం కష్టం.

అసలు ముడి ఈ కాగితంలో ఉంది. జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే, దాదాపు 500 మీటర్ల నిడివిలో మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో ప్రాణనష్టమో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగి ఉండాలి, లేదా పది మంది చనిపోయి ఉండాలి. ఆ పేరు పడితే నిధులు కదులుతాయి, డిజైన్ మారుతుంది. ఆ ఐదు ఎక్కడ లెక్కిస్తారు? పోలీస్ స్టేషన్ ఎఫ్ఐఆర్‌లలో.

ఇప్పుడు ఊళ్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. కూలికి పోయే ఆడమనిషిని ఊరి రైతు ట్రాక్టర్ గుద్దింది. కాలు విరిగింది. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు. "వాళ్ల దగ్గరే కదా రేపు పనికి పోవాల్సింది, కేసెందుకు" అంటారు. ఆస్పత్రి ఖర్చులు, పైన కొంత చేతిలో పెడతారు. ఎఫ్ఐఆర్ ఉండదు. ఆసుపత్రి చీటీలో మెట్ల మీద పడిందనో, బైకు మీద నుంచి జారిందనో రాసి ఉంటుంది. ఆ కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో రావాల్సిన పరిహారం పోగొట్టుకుంటుంది, అది అందరికీ తెలిసిన నష్టం. దాంతోపాటు ఇంకొకటి పోతుంది, అది ఎవరికీ కనబడదు: ఆ 500 మీటర్లలో జరిగిన ఐదింటిలో ఒకటి మాయమవుతుంది. అలా మూడు మాయమైతే ఆ చోటు ప్రభుత్వం దృష్టిలో భద్రమైన రోడ్డు. కూలి కోసం ఒకరి మీద ఆధారపడ్డ వాడలో రాజీలు ఎక్కువ, రాజీలు ఎక్కువైన చోట అంకెలు తక్కువ, అంకెలు తక్కువైన చోట బోర్డు లేదు. అంకెలు చూసే ఇంజినీరుకు కులపక్షపాతం ఉండక్కర్లేదు. పక్షపాతం ఆయన బల్ల మీదికి రాకముందే తన పని చేసేసి ఉంటుంది.

నమోదైనవి కూడా ఒకచోట కలవవు. ఎఫ్ఐఆర్‌లో "ఫలానా గ్రామ సమీపంలో" అని రాస్తే 500 మీటర్ల లెక్కకు పనికిరాదు. కాలనీ రెండు స్టేషన్ల సరిహద్దులో ఉంటే రెండు ఇక్కడా మూడు అక్కడా పడతాయి. రాయించేటప్పుడే కిలోమీటరు రాయి నంబరు రాయించాలి. శవం పక్కన కూర్చుని ఏడుస్తున్న ఇంట్లోవాళ్లు చేయలేని పని ఇది, పక్కనున్న కార్యకర్త చేయాల్సింది.

శవం రోడ్డు మీద పెట్టినప్పుడు

అర్జీ కదలనప్పుడు ఏం జరుగుతుందో జిల్లాలో అందరూ చూశారు. ఒక పిల్లో పిల్లాడో చనిపోతారు. శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చుంటారు. బండ్లు కిలోమీటర్ల కొద్దీ ఆగుతాయి. ఎస్ఐ వస్తాడు, తహసీల్దార్ వస్తాడు, మాట ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లో పోలీసుల ఇనుప స్టాపర్లు రోడ్డు మీదికి వస్తాయి. ఏళ్లుగా కుదరదన్నది రెండు రోజుల్లో కుదురుతుంది. నిబంధనలు మారలేదు, లెక్కా మారలేదు. ఆగిన బండ్ల లెక్క మాత్రం అప్పుడే మొదటిసారి అధికారులకు కనబడింది.

ఈ దారిని నేను తప్పుపట్టను. కానీ దాని ఖర్చు తెలిసి దిగాలి. దారి అడ్డగించినందుకు భారతీయ న్యాయ సంహిత 126, 285 సెక్షన్ల కింద కేసు పెట్టవచ్చు. జాతీయ రహదారిని చెడగొట్టినా, ప్రయాణానికి ప్రమాదకరంగా మార్చినా 1956 జాతీయ రహదారుల చట్టం 8బి సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. డివైడర్ పగలగొట్టి దారి చేసుకోవడం, సొంతంగా గుట్ట వేయడం దీని కిందికి రావచ్చు. ఎఫ్ఐఆర్‌లో పేర్లు రాసేది ముందు నిలబడ్డవాళ్లవి, సాధారణంగా కాలనీలో డిగ్రీ చదివే కుర్రాళ్లవి. పోలీసు ఉద్యోగానికో ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చిన రోజు ఆ కేసు మళ్లీ లేస్తుంది. పైగా స్టాపర్లు తాత్కాలికం. పండగ బందోబస్తుకు ఎత్తుకుపోతే మళ్లీ తెచ్చి పెట్టమని అడిగే కాగితం మన చేతిలో ఉండదు. ఆ రోజు వచ్చిన అధికారి మాటను అక్కడికక్కడే తెల్లకాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం చిన్న పనే, చాలాసార్లు మరిచిపోతాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వాడొచ్చా అని కొందరు అడుగుతారు. 2015 సవరణ తర్వాత ఆ చట్టం దళితులను ఏ రోడ్డూ దారీ వాడకుండా అడ్డుకోవడాన్ని స్పష్టంగా నేరం చేసింది. ఊరివాళ్లు శ్మశానం దారి మూసినా, కాలనీ రోడ్డుకు కంచె వేసినా అది వర్తిస్తుంది. ఇంజినీరు బోర్డు పెట్టలేదన్నదానికి అది సరిపోదు. బలమైన చట్టాన్ని సరిపోని చోట వాడితే, సరిపోయే చోట కూడా అది పలచబడుతుంది.

మరి ఎక్కడ పట్టుకోవాలి? రోడ్డు భద్రత కేసులో సుప్రీంకోర్టు 2017 నవంబర్ 30న ఇచ్చిన ఆదేశాల్లో ప్రతి జిల్లాకూ రోడ్డు భద్రతా కమిటీ ఉండాలని చెప్పింది. కలెక్టర్ అధ్యక్షుడు, ఎస్పీ సభ్యుడు, రోడ్ల శాఖలవాళ్లు, ఆరోగ్య శాఖ, రవాణా శాఖ కూర్చుంటారు. నలుగురు యజమానులూ ఒకే బల్ల ముందు ఉండే చోటు జిల్లాలో ఇదొక్కటే. "మా పరిధి కాదు" అనే మాట అక్కడ చెల్లదు, పరిధి ఉన్నవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు. సోమవారం అర్జీ ఇచ్చేటప్పుడు "జిల్లా రోడ్డు భద్రతా కమిటీ తదుపరి సమావేశంలో చేర్చగలరు" అన్న ఒక్క వాక్యం కలపండి. నెల తర్వాత ఆ సమావేశం మినిట్స్ కోసం సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసులో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

అర్జీతో పాటు పెట్టాల్సింది కన్నీళ్లు కాదు, కాగితాలు. గ్రామసభ తీర్మానం ఉండాలి. పంచాయతీకి బోర్డు పెట్టే అధికారం లేకపోయినా, ఊరు అడిగిందని నిరూపించే కాగితం అదే. తీర్మానం రాయడానికి పంచాయతీ కార్యదర్శి వెనకాడితే ఆ వెనకాడినదాన్నీ రాసి పైకి పంపండి. ఎఫ్ఐఆర్ నంబర్లు, ఎఫ్ఐఆర్ లేనివాటికి 108 రికార్డు, ఆసుపత్రి చీటీలు జత చేయండి. లెక్క మనమే వేసి పెట్టాలి. నలుగురు డిగ్రీ పిల్లలు బడి వేళకు ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట, మూడు రోజులు కూర్చుంటే చాలు: ఒకరు దాటే మనుషుల్ని, ఇద్దరు రెండువైపుల బండ్లను, ఒకరు ఒక్కో మనిషి ఎన్ని సెకన్లు ఆగాడో రాసుకోవాలి. ఈ చివరిదాన్ని వదలొద్దు, కోడ్‌లోని మూడో దారికి అదే సాక్ష్యం. వంద మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి ఫోన్‌లో సెకన్లు చూస్తే వేగం కూడా తెలుస్తుంది. ఐదున్నర సెకన్లలోపు దాటిన ప్రతి బండీ 65 మించి పోతున్నట్టే.

కాలనీ లోపలి దీపాలకు, హైవే దాకా వచ్చే దారికి ఎస్సీ ఉపప్రణాళిక నిధులు అడగొచ్చు. 2013 చట్టం గడువును 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. హైవే అంచు మీద వేయాల్సిన వాటికి మాత్రం ఆ డబ్బు వాడనివ్వకండి. వాహనాల దగ్గర టోల్ తీసుకునే రోడ్డు తన భద్రత ఖర్చు తానే పెట్టుకోవాలి. మరూరు, కాసేపల్లి టోల్ ప్లాజాల దగ్గర రోజూ కట్టేది అందుకు కూడా కదా.

చివరగా, ఆలస్యం కాకముందే అడగాల్సిన ఒక చోటు. శ్రీ సత్యసాయి జిల్లా కోడికొండ దగ్గర మొదలై ముప్పవరం వైపు పోయే కొత్త బెంగళూరు - విజయవాడ కారిడార్, 544జి, పొలాల మధ్య నుంచి కొత్తగా వేస్తున్న రోడ్డు. ఇలాంటి రోడ్డుకు రెండువైపులా కంచె ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వరు, దాటనివ్వరు. దాని మీద స్టాప్ బోర్డు, స్పీడ్ బ్రేకర్, స్టాపర్ ఏదీ రాదు. దాటాలంటే కింద నుంచి అండర్‌పాస్ ఒక్కటే. అది ఎక్కడ వస్తుందో డిజైన్‌లోనే తేలుతుంది, కాంక్రీటు పడ్డాక జరపడం దాదాపు అసాధ్యం. ఆ దారి పొడవునా ఉన్న వాడల్లో పనిచేసేవాళ్లు ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసుకు పోయి తమ ఊరి దగ్గరి డ్రాయింగ్ కాపీ అడగండి. శ్మశానం ఏవైపు ఉంది, పట్టా భూములు ఏవైపు, బడి ఏవైపు అని దాని మీద పెన్నుతో గీయండి. అండర్‌పాస్ కాలనీకి ఎంత దూరంలో పెట్టారో కొలవండి. కిలోమీటరు దాటితే, ఆడవాళ్లు తల మీద గడ్డిమోపుతో అంతదూరం తిరిగి పోతారా లేక కంచెకు కన్నం పెట్టి అడ్డంగా దాటుతారా అని ఆ కాగితం మీదే రాసి, స్టాంపు వేయించుకుని, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.